మూపురం దిబ్బకి పెట్టిన వాకిలి

ఇటు తిరిగి పడుకో బుజ్జమ్మా. అది గాలి చప్పుడేలే. సముద్రం ఇంట్లోకి రాదు. ఎందుకు రాదో చెప్తాను, ఊఁ కొడుతూ విను. తలుపా? తలుపు వెయ్యనే తల్లీ. మీ నాన్న వేట నించి ఇంకా రాలేదుగా. ఓరగా తీసే ఉంచుతాను.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. దాని పేరు మూపురంపేట. ఊరికీ సముద్రానికీ మధ్యన పేద్ద ఇసుక దిబ్బ. ఎద్దు మూపురం ఎలా ఉంటుందో, అలా గుండ్రంగా లేచి ఉండేది. దాని మీద మొగలి పొదలు, ఇసుకలో పాకే తీగలు, రావణాసురుడి మీసాలని ఒక ముళ్ళ గడ్డి. నవ్వకు, నిజంగానే ఆ గడ్డి పేరు అదే.

ఆ ఊళ్ళో ఒక అలవాటు ఉండేది. మగవాళ్ళు వేటకి వెళ్తే, వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆ ఇంటి వీధి తలుపు వెయ్యరు. కుక్క దూరినా వెయ్యరు, వాన కొట్టినా వెయ్యరు. తలుపు వేస్తే, నువ్వు రానక్కర్లేదు అన్నట్టు కదా!

ఆ ఊళ్ళో పైడమ్మని ఒక పిల్ల ఉండేది. కొత్తగా కాపురానికొచ్చింది, నెలలు నిండుతున్నాయి. మొగుడు దానయ్య. ఒకసారి దానయ్య పడవా, ఇంకో రెండు పడవలూ కలిసి దూరం వేటకి వెళ్ళాయి. వారాల తరబడి రారు. ఆ రోజుల్లో ఫోన్లెక్కడివి? పడవ కంటికి కనబడితేనే కబురు.

పైడమ్మకి ఒకటే బెంగ. సముద్రం చూడాలంటే దిబ్బెక్కాలి. ఆ కడుపుతో ఎక్కలేకపోయేది. వాళ్ళత్త గురువులమ్మ ఎక్కి చూసొచ్చి "ఏం లేదే" అని చెప్పేది. ఆ మాట వింటే పైడమ్మకి అన్నం దిగేది కాదు.

అప్పుడు పైడమ్మ ఇరుగూ పొరుగూ ఆడవాళ్ళని అడిగింది. "దిబ్బని కాస్త తగ్గిస్తే గుమ్మంలో కూచునే చూసుకోవచ్చు కదే!" నిజమే కదా అనుకున్నారు అందరూ. వాళ్ళందరి మొగుళ్ళూ, కొడుకులూ ఆ పడవల మీదే ఉన్నారు మరి. చేటలతో, తట్టలతో దిబ్బని కాస్త తోడారు. ఆకాశం కనిపించింది గానీ నీళ్ళు కనబడలేదు.

ఆ తర్వాత మొగలి పొదలు కొట్టేసి, ఇంకాస్త తోడారు. నీళ్ళు ఒక గీతలాగా కనిపించాయి. పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత ఊళ్ళో సిమెంటు రోడ్డు పని మొదలైంది. రోడ్డు పని చూసే ఇంజనీరుగారు మంచివాడే. రోడ్డు కింద పరవడానికి ఇసుక కావాలి, ఆడవాళ్ళకేమో సముద్రం కనబడాలి. ఇద్దరి పనీ ఒక్కసారే అయిపోతుందని ట్రాక్టర్లు పెట్టించి, దిబ్బ నడిమిన నేలదాకా గండి కొట్టించాడు. ఇప్పుడు గుమ్మంలో కూచుంటే కెరటం విరగడం కూడా కనిపించేది. మన ఊరికి వాకిలి పెట్టించుకున్నాం అని మురిసిపోయారు.

దిబ్బ ఊరుకుంది. సముద్రం మాత్రం ఊరుకుంటుందా?

ముందు గాలొచ్చింది. అన్నంలో ఇసుక, పప్పులో ఇసుక, పక్కల మీద ఇసుక. దులుపుకున్నారు. ఆ తర్వాత పున్నమి పోటొచ్చింది. నీళ్ళు గండిలోంచి వీధిలోకి జారి, పైడమ్మ గడప తడిపి వెనక్కి పోయాయి. తుడుచుకున్నారు. ఆ తర్వాత మంచినీళ్ళ బావి ఉప్పగా అయిపోయింది. దానికి ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. పసిపిల్లలు కూడా ఆ నీళ్ళు ఉమ్మేశారు.

వస్తామన్న రోజు దాటిపోయినా పడవలు రాలేదు. ఒక పొద్దున పైడమ్మకి గుమ్మంలోంచి దూరంగా మూడు పడవలు కనిపించాయి. గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది. పడవలు కాసేపు ఆగినట్టే ఆగి, తెరచాపలు తిప్పుకుని ఉత్తరం వైపు వెళ్ళిపోయాయి. "మనవాళ్ళైతే ఆగకుండా పోతారా? ఎవరివో ఏమో" అంది గురువులమ్మ. పైడమ్మ ఆ రోజంతా ఏడుస్తూనే ఉంది.

మర్నాడు తెల్లారేసరికి ఆకాశం నల్లగా కమ్మేసింది. అమావాస్య పోటు, దానికి తోడు తుఫాను. ఇంజనీరుగారు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఆ గండి కొట్టించడం నాదే తప్పు. సాయంత్రం లోగా పూడ్చెయ్యాలి. లేకపోతే ఇవాళ సముద్రం ఊళ్ళోకి వచ్చేస్తుంది" అన్నాడు.

పైడమ్మ వెళ్ళి గండికి అడ్డంగా కూచుంది. "మా ఆయన రాలేదు బాబూ. తలుపెలా వేస్తాం?" అంది. మిగతా ఆడవాళ్ళు కూడా వెళ్ళి ఆమె పక్కన కూచున్నారు. ఇంజనీరుగారు బతిమాలాడు, లేవలేదు. ఊరి పెద్దలొచ్చి కేకలేశారు, లేవలేదు. గాలి పెరుగుతోంది బుజ్జమ్మా. ఇసుక మొహాలకి కొడుతోంది. ఒక కెరటం వాళ్ళ కాళ్ళని తాకి పోయింది. అయినా ఎవరూ కదల్లేదు.

అప్పుడు గురువులమ్మ వచ్చి కోడలి పక్కన కూలబడింది.

"నేను మాత్రం ఏనాడైనా తలుపేశానా?" అంది. "బిడ్డని కడుపులో పెట్టుకుని ఇక్కడెలా కూచున్నావే! వాడు తిరిగొచ్చేసరికి ఇల్లుండాలి, నువ్వుండాలి, బిడ్డుండాలి. ఏదీ లేకపోతే తలుపు తీసుండి ఏం లాభం? లే. నేను పట్టుకుంటాను, దిబ్బెక్కి చూద్దువు గాని."

పైడమ్మ అత్త మొహం చూసింది. ఆ ముసలామె కూడా ఏడుస్తోంది. అప్పుడు లేచింది.

ఇంక చూడు, ఊరు ఊరంతా కదిలింది. ట్రాక్టర్లు ఇసుక తెచ్చాయి, గోనెలు నింపారు, పేర్చారు. గోనెలు నడుమెత్తు దాకానే వచ్చాయి. పైన సరుగుడు కర్రలు పాతి ఏదైనా కట్టండి, గాలి తెచ్చే ఇసుక దానికి తగిలి అక్కడే పడుతుంది అన్నాడు ఇంజనీరుగారు. వలలు కట్టారు, ఇసుక కన్నాల్లోంచి దూరిపోయింది. చాపలు కట్టారు, గాలి ఎత్తుకుపోయింది. అప్పుడు పైడమ్మ ఇంట్లోకెళ్ళి పెట్టెలోంచి పసుపు పచ్చటి పెళ్ళి చీర తెచ్చి, కర్రలకి గట్టిగా ముడేసింది. అది చూసి అందరూ తమ తమ చీరలు తెచ్చారు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ. దిబ్బ ఆ భుజం నించి ఈ భుజం దాకా ఒకటే చీరల వరస. ఇసుక వచ్చి చీరల మొదట్లో పోగుపడడం మొదలైంది.

ఆ తర్వాత పైడమ్మ దిబ్బెక్కింది. అత్త ఒక చెయ్యి, పొరుగామె ఒక చెయ్యి పట్టుకున్నారు. అడుగడుక్కీ ఆయాసం. పైకెక్కి చూసింది.

దూరంగా తెల్లగా ఏదో కదిలింది. పడవే అనుకుంది. కాదు, నురగ. ఆ తర్వాత నల్లగా ఏదో కదిలింది. కాదు, పక్షుల గుంపు. ఇంక వెలుతురు తగ్గిపోతోంది. "దిగుదాం రావే" అంది అత్త. పైడమ్మ దిగనంది. అప్పుడు మూడోసారి ఏదో కదిలింది. కెరటం మీద లేచింది, మునిగింది, మళ్ళీ లేచింది. దాని వెనకాల ఒకటి, దాని వెనకాల ఇంకొకటి.

పడవలే బుజ్జమ్మా! మనవాళ్ళ పడవలే!

ఊరంతా నీళ్ళలోకి దూకి తాళ్ళు పట్టి లాగారు. ఆఖరి పడవ పైకి వచ్చేసరికి పోటు వచ్చేసింది. గోనెల్ని కొట్టింది, పైకెక్కింది, పసుపు చీర చెంగు తడిపింది. అక్కడ ఆగి వెనక్కి పోయింది.

దానయ్య ఒళ్ళంతా ఉప్పు. పెళ్ళాన్ని చూసి అన్నాడు కదా, "ఏటే పైడీ, నిన్న పొద్దున మన ఊరి ముందు నించే పోయాం. మూపురం కనబళ్ళేదు. రెండు చిన్న దిబ్బలే కనిపించాయి. ఇది మన ఊరు కాదనుకుని ఇంకా ఉత్తరానికి పోయాం. నీళ్ళ మీంచి చూస్తే ఒడ్డంతా ఒక్కలాగే ఉంటుంది కదా, ఆ మూపురమే మాకు గుర్తు. ఇవాళ తిరిగొస్తుంటే రంగురంగుల చీరలతో మూపురం కనిపించింది. ఊరు దొరికిందిరా దేవుడా అనుకున్నాం."

పైడమ్మ మొగుణ్ణి చూసుకోవాలని దిబ్బ తవ్వించింది. మొగుడికి ఇల్లు చూపించేది ఆ దిబ్బేనని తట్టనే లేదు. దానయ్య చెయ్యి పట్టుకుని అక్కడే బావురుమంది.

ఆ తర్వాత దిబ్బ మళ్ళీ పెరిగింది. మొగలి నాటారు, తీగలు పాకించారు, రావణాసురుడి మీసాలు గుచ్చారు. నిండు చూలాలు కూడా ఎక్కేలా ఇంజనీరుగారు పక్కనించి చెక్క మెట్లు వేయించి, పట్టుకోడానికి కడ్డీ పెట్టించాడు. అప్పటి నించీ ఆ ఊళ్ళో వేటకెళ్ళేవాడు ఒక తట్టెడు ఇసుక దిబ్బ మీద పోసి గానీ పడవెక్కడు. మొన్న మీ నాన్న కూడా పోశాడు, చూశావుగా.

అవునే, ఇంకా రాలేదు. నాకూ బెంగగానే ఉంది. పొద్దున్నే ఇద్దరం మెట్లెక్కి చూద్దాం. ఇప్పుడు నాతో పాటు పాడు.

ఇసుకమ్మా ఇసుకమ్మా ఎక్కడ నీ చోటు?
దిబ్బ మీద నా చోటు, దాటనివ్వను పోటు.
కెరటమ్మా కెరటమ్మా ఎందాకా నీ రాక?
మీసాల గడ్డి దాకా, ఆపైన రాను ఇంక.
కథేమో కంచికి పోయింది, నాన్నేమో ఇంటికి రావాలి,
తలుపేమో తీసే ఉంచాను, నా తల్లి బజ్జోవాలి.