దివానుగారి కత్తి

కోటకు కొత్తగా ఇనప కిటికీలు బిగించారు. తుప్పు పట్టకుండా చట్రాలకు అవిసెనూనె పూయడానికి కోట నౌకరు ఎల్లమంద కుండతో వచ్చాడు.

"ఇనుముకు తలంటేంట్రా? కోటలో ఏ ఇనుముకూ చుక్క నూనె పూయడానికి వీల్లేదు!" అని దివాను గద్దించాడు.

ఎల్లమంద దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. వానాకాలం గడిచింది.

దసరానాడు, ప్రతి ఏటిలాగే, దివాను మీసం దువ్వి రాజుగారి ముందు కత్తి దూయబోయాడు. అది రాలేదు. ఇద్దరు భటులు ఒర పట్టుకు లాగితే దివానే బోర్లా పడ్డాడు.

"కత్తికి నూనె పూసేవాడివి నువ్వే కదరా!" అని ఎల్లమంద మీద అరిచాడు.

"ఏ ఇనుముకూ వద్దన్నారు కదా దొరా. తమరి మాట కిటికీల దగ్గర విని, తమరి కత్తి దగ్గర మీరగలనా?"

రాజుగారు పగలబడి నవ్వారు. "ముందు కిటికీల సంగతి చూడరా ఎల్లమందా. దివానుగారి కత్తి వచ్చే దసరాకి చూద్దాం."