రెప్పలమ్మకు రెప్ప తీసే చేయి

ఊటగట్టులో బస్సు దిగి, వాగు పక్కగా నడిస్తే కనిపించే నల్లరాళ్ళ గుట్టే రెప్పలమ్మ గుట్ట. గుట్ట మీద గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నాలుగు రాతి గోడల మధ్య, రేకుల కప్పు కింద అమ్మవారు బండరాతిలో స్వయంభువుగా వెలసి ఉన్నారు. కుడికన్ను విప్పారి ఉంటుంది. ఎడమకన్ను కింది రెప్ప లోపలికి ముడుచుకుని ఉంటుంది. తల్లి ఏడుస్తున్నదని కొందరు, కోపంగా ఉన్నదని కొందరు అంటారు. రెండూ నిజమే కావచ్చు.

భక్తులు గడప పక్క గోడలో పొదిగిన పొట్టేలు కొమ్ములకు పసుపు కుంకుమలు పెట్టి లోపలికి వెళ్ళడం ఆనవాయితీ. పుష్యమాసపు జాతర నాడు అమ్మవారి ఎడమకన్నుకు పసుపు ముద్ద అద్ది, వాగు అవతలి పల్లెలోని ఒకే ఒక్క ఇంటి ఆడపడుచును పిలిపించి, ఆమె బొటనవేలితో దానిని కిందికి తుడిపిస్తారు. దీనినే రెప్ప తీయడం అంటారు. ఆ ఇంటివారే ఎందుకు తీయాలన్నది ఊరివారు అంతగా చెప్పుకోరు. వచ్చిన భక్తులకైనా తెలియాలని ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఊటగట్టులో గొర్రెలు కాచే కురుమలు పొలిమేరలో రాళ్ళు పేర్చి అమ్మవారిని కొలిచేవారు. ఆ ఊళ్ళో నీలవ్వ అనే కురుమ స్త్రీ ఉండేది. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఆమెకు మిగిలినవి ఒక చిన్న మంద, పోశవ్వ అనే పసిబిడ్డ. ఒక ఏడు ఆ బిడ్డకు జ్వరం తగిలి కన్ను తెరవలేదు. నీలవ్వ పొలిమేరకు పరుగెత్తి, "నా మందల ఏది ముద్దుగుంటే అది నీకే విడుస్త. నా బిడ్డను నాకియ్యి తల్లీ" అని మొక్కింది. బిడ్డ కన్ను తెరిచింది.

మందలో అన్నిటికంటే ముద్దుగా ఉన్నది ఒక పొట్టేలు. అది పుట్టినప్పుడు దాని కింది రెప్పలు లోపలికి ముడుచుకుపోయి, రెప్ప వెంట్రుకలు కంటిగుడ్డును గీకుతుండేవి. కళ్ళ నిండా నీరు, పైన తెల్లటి పొర. నీలవ్వ దానిని ఒళ్ళో వేసుకుని, బొటనవేలితో రెప్పను బయటికి లాగి పట్టుకుని, ఆముదం చుక్క రాసేది. వదలగానే మళ్ళీ ముడుచుకునేది. ఆమె మళ్ళీ లాగేది. ఆమె ఓపికకు ఆ రెప్పే లొంగింది. పెరిగేసరికి దాని కళ్ళు చూసి ఊరంతా మెచ్చుకున్నది. పుట్టుకతో వచ్చిన పీడ పోయిందనుకుని నీలవ్వ దానిని అమ్మవారికి విడిచింది.

అమ్మవారి పొట్టేలంటే కత్తి లేదు, కట్టుకొయ్య లేదు. ఎవరి చేనులో మేసినా అదిలించరు, ఎవరి మందలో కలిసినా మహాభాగ్యం అనుకుంటారు. కులపెద్ద ఓదెయ్య దాని మెడలో గంట కట్టి, జాతరలో తన ముందు నడిపించేవాడు. అది తన పొట్టేలే అన్నట్టు నడిచేవాడు.

మరుసటి ఈతల కాలంలో మందల నిండా పిల్లలు పుట్టాయి. రెండు రోజులు చెంగుచెంగున ఎగిరిన పిల్లలు ఆ తరువాత కళ్ళు మూసుకుని, చెంపల మీద నీరు కార్చుకుంటూ మూలల్లో నిలబడ్డాయి. కంటి మీద పొర కమ్మింది. తల్లి పొదుగు దొరకక దొడ్డి గోడలను నాకాయి. ఊరివారు వాటి కణతల మీద వాతలు పెట్టారు. గుడ్డితనానికి తోడు పుండ్లు పడ్డాయి. అమ్మవారికి కోపం వచ్చిందని తేల్చి, ఆ కోపం చల్లారడానికి మిగిలిన గొర్రెలను కూడా అమ్మవారి పొట్టేలు దగ్గరికే తోలారు. ఆ తరువాతి ఈతలో గుడ్డిపిల్లలు ఇంకా ఎక్కువయ్యాయి. ఆనాటి పెద్దల తెలివి అంతటిది.

నీలవ్వ తన దొడ్డిలో గంప ఎత్తి, దాని కింద మూసి ఉంచిన ఒక గొర్రెపిల్ల రెప్ప చూసింది. ఇది ఏ రెప్పో ఆమె వేలికి తెలుసు. చెబితే దోషమున్న జీవాన్ని దేవతకు ఇచ్చిందంటారు. అందుకు శిక్ష వెలి. అంతకంటే పెద్ద భయం మరొకటి ఉంది. మొక్కు చెడిందని తల్లి తన బిడ్డను వెనక్కి అడిగితే? కొన్నాళ్ళు నోరు మూసుకుని తన గొర్రెపిల్లల రెప్పలు మాత్రం తీస్తూ వచ్చింది. వాటికి చూపు దక్కింది. కానీ గోడ అవతల ఆకలితో అరిచే పిల్లల గొంతు వినలేక, చివరికి కులపంచాయితీ ముందుకు వెళ్ళింది.

"పెద్దయ్యా, ఇది తల్లి కోపం కాదు. ఈ పిల్లలన్నీ ఆ పొట్టేలుకు పుట్టినయే. అది పుట్టినప్పుడు దానికీ గిట్లనే ఉండె. నేనే ఏలుతోని రెప్ప తీసిన. ఇంక దాన్ని మందలకు పోనియ్యకుండ్రి. ఉన్న పిల్లలకు రెప్పలు తీస్తే కండ్లు దక్కుతయి."

"అంటే చెడ్డదాన్ని తెచ్చి తల్లికిచ్చినవన్నట్టు" అన్నాడు ఓదెయ్య.

"గప్పుడు బాగైందనుకున్న. నా బిడ్డను బతికించిన తల్లికి తెలిసి చెడ్డది ఇస్తనా?"

"తెలిసో తెలువకో ఇచ్చినవు గద. ఇన్నొద్దులు దాపెట్టినవు గద."

ఆమె చెప్పిన వైద్యం గురించి ఎవరూ అడగలేదు. పొట్టేలును ఆపుదామని ఎవరూ అనలేదు. ఆపితే, ఇన్నాళ్ళు దాని వెనుక గర్వంగా నడిచిన ఓదెయ్య ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? నిప్పు, నీళ్ళు, పిలుపు బందు చేసి నీలవ్వను వెలివేశారు. ఆమె బిడ్డను చంకన వేసుకుని, తన మందను తోలుకుని ఈ గుట్ట ఎక్కింది.

అప్పుడు ఊరివారు ఒక ఉపాయం కనిపెట్టారు. ఆమె తెచ్చిన పీడ ఆమెనే పడనీ అంటూ చూపు పోతున్న పిల్లలను తెచ్చి గుట్ట కింద విడిచి వెళ్ళేవారు. నీలవ్వ వాటిని మోసుకుపోయి రెప్పలు తీసేది. తొందరగా వచ్చినవి బాగుపడేవి, ఆలస్యమైనవి గుడ్డివై ఆమె కాళ్ళకు అడ్డంపడుతూ తిరిగేవి. బాగుపడ్డ పిల్లలను ఊరివారు కింద నుంచి ఈలవేసి పిలుచుకుని పోయేవారు. ఆమెను మాత్రం ఎవరూ పిలవలేదు.

ఒక పుష్యమాసంలో చలిగాలితో వాన పట్టుకున్నది. వాన వెలిసిన మధ్యాహ్నం దొడ్డిలో కునుకుతున్న ఓదెయ్యకు అమ్మవారు కలలో కనిపించింది. తల్లి ఎడమకన్ను రెప్ప ముడుచుకుని, నీరు ధారగా కారుతున్నది.

"ఆమె ఇచ్చింది నేను తీసుకున్న. నాకు లేని కోపం నా పేరు మీద చెప్పి పిల్లల కండ్లు తీసింది నువ్వు. నీలవ్వను పిలిచి నా రెప్ప తీయించు" అన్నది.

ఓదెయ్య పడుతూ లేస్తూ గుట్ట ఎక్కాడు. నీలవ్వ గొంగడి గుడ్డిపిల్లల మీద కప్పి ఉన్నది. ఆ గొంగడి కింద పిల్లల నడుమ పోశవ్వ వెచ్చగా నిద్రపోతున్నది. నీలవ్వ పక్కనే ఒంటి మీద తడిచీరతో బండకు ఆనుకుని కూర్చుని ఉన్నది. ప్రాణం లేదు. ఆమె వీపు ఆనిన బండ మీద, కలలో చూసిన ముఖమే తేలి ఉన్నది.

దిక్కు తోచని ఓదెయ్య ఆ పసిబిడ్డను ఎత్తుకుని, దాని చిట్టి బొటనవేలితో రాతికన్నును తుడిపించాడు. ఆ రోజే పొట్టేలును మందల నుంచి తప్పించి కట్టేశారు. అది ముసలిదై చచ్చాక దాని కొమ్ములను గోడలో పొదిగి పూజించారు. నీలవ్వకు మాత్రం ఒక రాయి కూడా పాతలేదు. పోశవ్వను ఊళ్ళోకి తీసుకోవాలని కొందరు అన్నారు. వెలి ఎత్తివేయాలంటే పంచాయితీ తప్పు చేసిందని పంచాయితీయే చెప్పాలి. ఆ మాట చెప్పడానికి ఏ పెద్దకూ నోరు రాలేదు. వాగు అవతల అయినవారెవరో ఆ పిల్లను పెంచుకున్నారు.

నేటికీ ఊటగట్టులో దేవతకు పొట్టేలును విడవరు. ఈతల కాలంలో దూరప్రాంతాల కాపరులు కూడా పసి గొర్రెపిల్లలను గంపల్లో తెచ్చి, అమ్మవారి ముందు రెప్పలు తీసి, ఇక్కడి ఆముదం రాసుకుని వెళతారు. అలా చేసిన మందలో ఏ పిల్లకూ చూపు పోదని, మనుషుల కంటిజబ్బులు కూడా నయమవుతాయని భక్తుల నమ్మకం. జాతర నాడు రెప్ప తీసిన తరువాత ఓదెయ్య వంశస్థులకు తొలి ప్రసాదం ఇచ్చి, ఊరంతా గుట్ట మీదనే బంతిభోజనానికి కూర్చుంటారు.

పోయిన జాతరలో రెప్ప తీసిన ముసలమ్మ పేరు సిద్ధవ్వ. పోశవ్వ వంశంలో ఇప్పుడు మిగిలింది ఆమే. ఆకులు వేస్తుండగా ఆమె కొంగుకు వేలు తుడుచుకుని గుట్ట దిగిపోతుంటే, పరాయి ఊరి భక్తురాలు ఒకామె ఆపి, తినిపొమ్మన్నది.

"రెప్ప తీయనీకె పిలుస్తరు బిడ్డా" అన్నది సిద్ధవ్వ. "బువ్వకు ఇంకా పిలువలే."