పక్కసీటాయన

ఆ ఆదివారం గౌరీపతి మొట్టమొదటిసారి ఉపన్యాసం ఇవ్వాలి. పన్నెండేళ్ళు ఆశ్రమంలో ఊడ్చి, వండి, వడ్డించాక దొరికిన అవకాశం. ఏం చెప్పాలా అని నాలుగు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. చివరికి నాయుడుపేటలో మ్యాట్నీకెళ్ళి చూసిన ఓ తమిళ సినిమా అతన్ని ఆదుకుంది.

ముందు గురువుగారికి వినిపించాలి కదా! మస్తానయ్య స్వామి స్వర్ణముఖి ఒడ్డున కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఆయన జన్మలో సినిమా చూసి ఎరగరు. అందుకే చెవులు రిక్కించారు.

“ఒక భూస్వామి, స్వామీ. చెప్పులు కుట్టేవాడు ఎదురొస్తే ఇంటికెళ్ళి స్నానం చేసే రకం. అలాంటివాడికి కళ్ళు పోయాయి. అరుణాచలం దాకా నడిచి వస్తానని మొక్కుకున్నాడు. ఆ చెప్పులు కుట్టేవాడు తప్ప ఎవడూ తోడు రాలేదు.”

“అతను ముందు నడుస్తాడా, పక్కన నడుస్తాడా?”

“ముందే. కర్రకి ఆ కొన వాడు, ఈ కొన ఈయన. చెయ్యి తగలకుండా.”

“ఓరి వీళ్ళ తెలివి! మరి ఆకలేస్తే?”

గౌరీపతి అన్నీ చెప్పాడు. దారిలో వాళ్ళ తగువులు, ఎత్తిపొడుపులు, అన్నం దగ్గర భూస్వామి పెట్టిన పేచీ, ఒక్కటీ వదల్లేదు. స్వామి చిన్నపిల్లాడిలా “ఊఁ, తర్వాత?” అంటూనే ఉన్నారు.

“ఆఖర్న భూస్వామి ఆ కర్ర విసిరేసి అతని చెయ్యి పట్టుకున్నాడు స్వామీ. ఏదో అన్నాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.”

“ఏమన్నాడు?”

గౌరీపతి నీళ్ళు నమిలాడు. “తెలీదు స్వామీ. నాకు తమిళం రాదుగా.”

“అదేమిటయ్యా! ఇందాక ప్రతి మాటా పూసగుచ్చినట్టు చెప్పావే?”

“పక్కసీటాయన చెవిలో తెలుగు చేసి చెప్పాడు. మద్రాసు హార్బర్లో పనిచేశాట్ట.”

“మరి ఆఖర్న చెప్పలేదా?”

ఇక ఒప్పుకోక తప్పలేదు. ఇంటర్వెల్లో లైట్లు వెలిగాయి. చూస్తే ఆ మనిషి పెంచలయ్య, ఏటి అవతల శ్మశానంలో గోతులు తవ్వేవాడు. టీ తెస్తానని అతను బయటికెళ్ళగానే గౌరీపతి లేచి, వెనక వరసలో ఓ మూలకి మారిపోయాడు. ఆశ్రమానికొచ్చి తలారా స్నానం కూడా చేశాడు. ఆ స్నానం మాట మాత్రం స్వామితో అనలేకపోయాడు.

స్వామి చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి లేచారు.

“ఎక్కడికి స్వామీ?”

“సగంలో ఆపేస్తే ఎలాగయ్యా? ఆఖర్న ఏమన్నాడో కనుక్కోవద్దూ? దా.”

మోకాలి లోతు నీళ్ళు దాటి ఇద్దరూ అవతలికి వెళ్ళారు. గుడిసె ముందు పార పదును పెట్టుకుంటున్న పెంచలయ్య గాభరాగా లేచి చాప పరిచాడు. స్వామి చతికిలబడి, అతన్నీ పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆయన వెనక గౌరీపతిని చూడగానే పెంచలయ్య మొహం విప్పారింది.

“యాడికి పొయ్యారు సామీ ఆ పొద్దు? రెండు టీలు తెచ్చినా, మీరు లేరు. వస్తార్లే అని మీ సీట్లో తువాలేసి పెట్టినా. సినిమా అయ్యేదాకా ఎవుర్నీ కూచోనీలా.”

గౌరీపతికి సిగ్గుతో తల వాలిపోయింది.

స్వామి కాస్త జరిగి, చాప మీద పెంచలయ్య పక్కన గౌరీపతికి చోటు చూపించారు.

“కూర్చోవయ్యా. ఇంటర్వెల్ అయిపోయింది.”