మూత తీయని బుడ్డి

ఆ ఉదయం మల్లభూపతి మహారాజుగారి దువ్వెనకు ఏడు వెంట్రుకలు వచ్చాయి. ఉన్నవే అంతంతమాత్రం. అందులో ఏడు పోయేసరికి రాజుగారికి కొలువు మీదే విరక్తి పుట్టింది.

"నా తల మీద వెంట్రుక మొలిపించిన వాడికి ఏం కావాలంటే అది!" అన్నాడు సభలో.

పన్నీరు శరభయ్య ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. ఆస్థానానికి అత్తర్లు పంపేది ఆయనే. భుజాల దాకా వేలాడే జుట్టును ఓసారి సవరించుకుని, లక్క ముద్ర వేసిన బుడ్డి ఒకటి రాజుగారి ముందు పెట్టాడు.

"కేశరాజ తైలం, ప్రభూ! జుట్టొక్కటే కాదు, సంపద కూడా మొలుస్తుంది. దీనికి అంగడి అక్కర్లేదు. ఒక్కొక్కరు ఆరు బుడ్లు తీసుకుని, తమ కింద ముగ్గురిని చేర్చాలి. ఆ ముగ్గురూ తలా ముగ్గురిని. కింద ఎవరు కొన్నా అందులో కొంత పైకి వస్తూనే ఉంటుంది."

"అందరికంటే పైన ఎవరు?"

"తమరే!"

రాజుగారి ముఖం విప్పారింది. పైన ఉండటం ఆయనకు అలవాటైన పనే మరి. పౌర్ణమి కొలువులో శాసనం చేస్తాననీ, ఆ తర్వాత ఊళ్ళో ఇంటింటా ఆరేసి బుడ్లు కొనాల్సిందేననీ చెప్పేశాడు.

పక్కనే ఆకులకు సున్నం రాస్తున్న బొమ్మన చెయ్యి ఆగింది. రాజుగారికి తాంబూలం కట్టిచ్చే కొలువు అతనిది. నోరు ఎర్రగా పండించడం అతని వృత్తి, అవసరమైనప్పుడు ఆ నోరు మూయించడం అతని సరదా. కానీ ఆ రోజు రాజుగారి ముఖంలో వెలుగు చూసి తానే నోరు మూసుకున్నాడు.

శాసనం దాకా ఎవరు ఆగుతారు? నెల తిరక్కుండా ఊరంతా బుడ్లు పట్టుకుని తిరగసాగింది. పౌర్ణమి ఇంకా పది రోజులుందనగా, కోట చాకలి నూకాలు బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది.

"గాడిదేదే నూకాలూ?" అన్నాడు బొమ్మన.

"శరభయ్యగారికిచ్చేసి ఆరు బుడ్లు తెచ్చుకున్నాను బాబూ. ముగ్గుర్ని చేరిస్తే మూడు గాడిదలు కొనుక్కోవచ్చన్నారు." ఆమె నెత్తిన మూట కిందికి దించింది. "ఎవర్నడిగినా, నేనే నిన్నడుగుదామనుకుంటన్నానే అంటన్నారు. దాన్నేమో ఆ బుడ్లు మోయించి మోయించి ఈపు పుండు చేసేశారు."

బొమ్మనకు ఒళ్ళు మండింది. "ఒక బుడ్డి నాకివ్వు. నువ్వు బట్టలకు పెట్టే గంజి కూడా ఒక ముంతెడు" అన్నాడు.

బుడ్డిలో తైలం వంపేసి గంజి పోశాడు. లక్క కరిగించి ముద్ర మళ్ళీ అతికించాడు. అడుగున సున్నంతో చుక్క పెట్టి, ద్వారపాలకుడికి అంటగట్టాడు.

పౌర్ణమి వచ్చింది. బుడ్లున్న వాళ్ళంతా బుడ్లతో సహా సభకు రావాలని రాజుగారిని ముందే ఒప్పించాడు బొమ్మన. శాసనం చదవబోతుండగా లేచి, "ప్రభూ, తైలం ఎలా ఉందో వాడినవాళ్ళ నోట వినాలని ఉంది" అన్నాడు.

"అమోఘం!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

సేనను నడిపే దళవాయిగారు మరీ ముందుకు వచ్చాడు. "మా ఆవిడ ఈ బుడ్డి సగం వాడింది. జడ మోకాళ్ళు దాటింది!"

బొమ్మన ఆ బుడ్డి తిప్పి చూశాడు. అడుగున సున్నం చుక్క కనిపించింది.

"లక్క ముద్ర ఊడకుండానే వాడారా, దొరా?"

దళవాయి దగ్గాడు. సభలో ఎవరో కిసుక్కుమన్నారు. శరభయ్యకు రోషం వచ్చింది.

"ఈ ఆకులవాడి మాటలేమిటి ప్రభూ! ఇదే బుడ్డి నా తలకే రాసుకుంటాను, చూడండి!" అంటూ ముద్ర చిదిపి నెత్తిన కుమ్మరించుకున్నాడు.

పది రోజులు పులిసిన గంజి! ముందు వరుసలో వాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

"ఓలమ్మో! అది నా గంజి బాబూ!" అంది నూకాలు వెనక నుంచి.

"మోసం! ఎవరో మార్చేశారు!" అని అరిచాడు శరభయ్య.

"మార్చింది నేనే" అన్నాడు బొమ్మన. "ఆ తర్వాత ఆ బుడ్డి తొమ్మిది చేతులు మారింది. తొమ్మిది మందీ పొగిడారు, ఒక్కరూ మూత తీయలేదు. మీరు అమ్మింది తైలం కాదు శరభయ్యగారూ, మనుషుల్ని. ఇప్పుడు ఊళ్ళో మనుషులు అయిపోయారు."

రాజుగారు ఇబ్బందిగా కదిలాడు. ఆయన బుడ్డి కూడా దేవుడి గదిలో ముద్రతోనే ఉంది.

"అయితే మనిషి మనిషికి చెప్పి అమ్ముకోవడమే తప్పంటావా?"

"తప్పేముంది ప్రభూ? నూకాలు చలవ బాగా చేస్తుందని నేను నలుగురికి చెప్పలేదా? అందుకు ఆమె నా పంచె ఒకటి ఊరికే ఉతికి పెడితే అదీ న్యాయమే. ఎవరినీ కింద చేర్చక్కర్లేదు. తైలం కోసం గానుగ ఆడించేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ కలిపి వాటా పెట్టండి. కానీ ఒక్కటే నియమం.

"వాటా నిండు బుడ్డికి కాదు, ఖాళీ బుడ్డికి!"

"భేష్!" అన్నాడు రాజుగారు. "ఖాళీ బుడ్లు ఎన్నున్నాయి?"

సభ మొత్తం తలలు దించుకుంది. రాజుగారు బొమ్మన వైపు తిరిగాడు.

"నువ్వు వంపేసిన తైలం ఏం చేశావు?"

"శరభయ్యగారి కొట్టంలో గాడిద వీపుకు రాశాను ప్రభూ. రాజ్యం మొత్తానికి ఆ తైలం వాడింది అదొక్కటే."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అలాగైతే మొదటి వాటా గాడిదదే! దాన్ని నూకాలుకు తోలిపెట్టండి, వీపు మీద కొత్త పట్టు బొంతతో సహా. శరభయ్యా, వద్దన్న వాళ్ళ బుడ్లన్నీ వెనక్కి తీసుకో. బొమ్మనకు వెయ్యి వరహాలు!"

శరభయ్య వంగి దండం పెట్టబోయాడు. అప్పటికే గంజి ఆరింది. ఒళ్ళు వంగింది గానీ జుట్టు వంగలేదు. దళవాయితో సహా సభంతా గొల్లుమంది.

ఆ సందడిలో రాజుగారు బొమ్మన చెవి దగ్గరకు వంగాడు.

"ఇంతకీ గాడిద వీపు మీద వెంట్రుకలు మొలిచాయా?"

"ఒత్తుగా మొలిచాయి ప్రభూ."

రాజుగారు గొంతు సవరించుకున్నాడు. "శరభయ్యా, రెండు బుడ్లు లోపలికి పంపించు... వాడటానికే!"