పుస్తకమెక్కిన పైడమ్మ

గుమ్మడివలస మొత్తంలో గవర్రాజు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. గవర్రాజు, అతని పెళ్ళాం నూకాలు, తమ్ముడు సన్యాసి, ముగ్గురూ అన్నాలు తిన్నాక ఒకరితో ఒకరు చెప్పుకునేవాళ్ళు.

"ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. అదీ మన గొప్ప!" అనేవాడు గవర్రాజు.

ముగ్గురూ పగలంతా బెల్లం కొట్లోనే. అందుకని ఏడాదిన్నర కొడుకు బుల్లోణ్ణి చూసుకోడానికి పైడమ్మని పెట్టుకున్నారు. వాడు ఆమె చేతి ముద్ద తప్ప ఇంకెవరు పెట్టినా తుపుక్కున ఉమ్మేస్తాడు.

ఆ ఏడు పన్నుల కచేరీవాళ్ళు దండోరా వేయించారు. పిల్లల్ని చూసే మనిషికి జీతమిచ్చే ఇంటికి పన్ను తగ్గిస్తారట, లెక్క మాత్రం ఉండాలట. గవర్రాజు పరుగున లెక్కలు రాసే కామేశంగారి దగ్గరికి పోయాడు. ఆయన పొడుం పీలుస్తూ చెప్పాడు:

"ముందు పైడమ్మని పుస్తకానికి ఎక్కించు. జీతమిచ్చినప్పుడల్లా వేలిముద్ర వేయించు. నోటిమాట చెల్లదు. ఏదైనా సరే, కాగితం మీద ఉండాలి."

"ఓస్, ఇంతేనా!" అనుకున్నాడు గవర్రాజు.

ఆ రోజుకి కొట్టు కట్టేయించి, ఇంటికొస్తూనే కొత్త పుస్తకం నేలమీద పరిచాడు. "పైడమ్మా, ఎక్కు!"

"ఎక్కడికి బాబూ?"

"పుస్తకానికి!"

పైడమ్మ బుల్లోణ్ణి చంకనేసుకుని ఎక్కింది. ఒక పాదమే పట్టింది. "రెండోది రేపటి పేజీలో పెట్టించు అన్నయ్యా" అన్నాడు సన్యాసి. తమ్ముడి బుర్రకి గవర్రాజు మురిసిపోయాడు.

తర్వాత జీతమిచ్చాడు. వేలిముద్ర వేయాలి. ఏ వేలో కామేశంగారు చెప్పలేదు కదా! అంతే, పది వేళ్ళూ సిరాలో ముంచారు. కాళ్ళవీ వేళ్ళేగా అంది నూకాలు. అవీ ముంచారు. ఆ చేత్తోనే పైడమ్మ ముద్ద పెట్టేసరికి బుల్లోడి మూతి నేరేడుపండై కూర్చుంది.

"నోటిమాట చెల్లదు" అన్నది గవర్రాజుకి గుర్తొచ్చింది. ఇంకేముంది, ఇంట్లో మాటలు బంద్! పొయ్యి మీద పాలు పొంగుతుంటే నూకాలు కాగితం వెతికి, "పాలు పొంగుతున్నాయి" అని రాసి సన్యాసికిచ్చింది. సన్యాసి చదివి, "ఎక్కడ?" అని రాశాడు. ఆమె "పొయ్యి మీద" అని రాసేలోపు గిన్నె మాడి బొగ్గయింది.

ఏదైనా కాగితం మీదే ఉండాలి కదా, మధ్యాహ్నం పప్పుచారు కూడా కాగితం మీదే వడ్డించారు. అది చాపంతా పారింది. బుల్లోణ్ణి కూడా కాగితం మీదే కూర్చోబెడితే, వాడు ఆ కాగితాన్ని తడిపి ఊరుకున్నాడు.

పైడమ్మ లేచి నిలబడింది. "నా వల్ల కాదు బాబూ! చదువు రానిదాన్ని, నాకు చీటీలిస్తారా? నేను పోతన్నాను."

ఆమె గుమ్మం దాటగానే బుల్లోడు ఒకటే ఏడుపు. ముగ్గురూ ముద్దలు పెడితే ముగ్గురి మొహానా ఉమ్మాడు. తెలివంతా ఉండి, గవర్రాజు ఒక్క మెతుకు తినిపించలేకపోయాడు. పరిగెత్తుకెళ్ళి చేతులు జోడించాడు. నోరు తెరిచి, "తల్లీ, రా!" అన్నాడు.

"కచేరీకి పోయి ఆఫీసరు బాబునే అడుగుదాం. అలాగైతేనే వస్తాను" అంది పైడమ్మ.

నలుగురూ బుల్లోడితో కచేరీకి పోయారు. "లెక్క చూపించండి" అన్నాడు ఆఫీసరు. గవర్రాజు పుస్తకం పైకెత్తి చూపించి, మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. ఆఫీసరు లాక్కుని తెరిచాడు.

"ఏమిటయ్యా ఈ మరకలు?"

"పైడమ్మ ఎక్కిందండి. రేపు ఎడంకాలు."

పైడమ్మ జరిగిందంతా చెప్పింది. ఆఫీసరు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. తనే కలం తీసి ఆమె పేరు, జీతం, తారీకు ఒక్క వరసలో రాసి, బొటనవేలి ముద్ర ఒక్కటి వేయించాడు. "నెలనెలా ఇంతే. మీ పన్ను తగ్గిస్తున్నాను. ఇక వెనక్కి తిరగకుండా తిన్నగా ఇంటికి పొండి!"

అంతే, ముగ్గురూ వరసకట్టి తిన్నగా నడిచారు. "బాబూ, ఆగండి! బుల్లోడికి నీళ్ళు తాగిస్తన్నాను!" అని పైడమ్మ వెనకనుంచి కేకేసింది. తిరిగితే ఒట్టు!

ఇంటికి చేరాక నూకాలు గుండె బాదుకుంది. "ఏమయ్యా, బుల్లోడేడీ?"

"కచేరీలో ఉండిపోయాడే!" గవర్రాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "వెళ్ళాలి. కానీ వెనక్కి తిరగొద్దన్నారే!"

"తిరక్కుండా వెనక్కి నడుద్దాం అన్నయ్యా" అన్నాడు సన్యాసి.

ముగ్గురూ ఇంటివైపే మొహం పెట్టి, కచేరీవైపు వెనకడుగులేస్తూ బయల్దేరారు. సగం దారిలో బుల్లోణ్ణెత్తుకున్న పైడమ్మ పక్కనుంచి వాళ్ళని దాటి ఇంటివైపు పోయింది. ఆమె భుజం మీంచి బుల్లోడు చేతులూపుతూ, "నానా!" అన్నాడు.

గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. "అదిగో, మనవాడు క్షేమం! తొందరగా నడవండి, కచేరీ మూసేలోపు పోయి తెచ్చుకుందాం!" అంటూ వెనక్కి ఇంకా జోరుగా అడుగులేశాడు.