ఊఁ అనని పీరయ్య

మన తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో గవ్వలకోట అని ఒక సంస్థానం ఉండేది. సంస్థానానికి ఒక దొర, దొరకు ఒక గుర్రప్పందాల బయలు, ఆ బయలుకు ఒక పీరయ్య. దొర పేరు ఇప్పుడెవరికీ గుర్తు లేదు. ఆయన పెట్టించిన బురుజులు కూలిపోయాయి, ఆయన మీద పాడించిన పదాలు పాడినవాళ్ళతోనే పోయాయి. పీరయ్య పేరు మాత్రం నిన్నమొన్న పోయిన మనిషి పేరులా చెప్పుకుంటారు.

పీరయ్య పని గుర్రాలను చూడడం. మీరూ నేనూ చూసినట్టు కాదు. పందెం రోజు ప్రతి గుర్రమూ అతని ముందుకు రావాల్సిందే. నోరు వాసన చూసేవాడు, నల్లమందు పెట్టారేమోనని. గిట్టను చింతకొయ్య సుత్తితో తట్టేవాడు, చీలిక ఉందేమోనని. కాలి నరాన్ని మోకాలి నుంచి కిందిదాకా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చేవాడు, వాపు ఉందేమోనని. మూడూ బాగుంటే నడుమెత్తి నిలబడి "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ వినబడగానే, గుర్రాల ముందు అడ్డంగా లాగి పట్టిన తాడును ఇద్దరు మనుషులు చెరో కొసనా వదిలేసేవారు. అప్పుడే పందెం.

ఆ కట్టుబాటు దొరగారి తాత పెట్టింది. బయలు దగ్గర బండమీద చెక్కించాడు కూడా. గుర్రం మీద మొదట చెయ్యి వేసినవాడే ఊఁ అనాలి, ఊఁ అనేదాకా తాడు వదలరాదు. అంతే, రెండే ముక్కలు. చెక్కించిన రోజున పాపం ఆ ముసలాయనకు తన మనవడు ఎలాంటివాడవుతాడో తెలియదు.

ఒకసారి పీరయ్య వల్ల తప్పు జరిగింది. వంగి గిట్ట చూస్తున్నాడు. ఎండ మండిపోతోంది. కుండ నెత్తిన పెట్టుకున్న ఒకామె, "మావా, నీళ్ళు తాగుతావా?" అనడిగింది. తల ఎత్తకుండా "ఊఁ" అన్నాడు. తాడు పట్టినవాళ్ళు ఏ ఊఁ అయితేనేం అని వదిలేశారు. మూడో మలుపు దగ్గర గుర్రం కాలు విరిగి పడింది. దాని కింద సుంకన్న అనే రౌతు పడ్డాడు. సుంకన్న శవాన్ని ఇంటికి మోసుకెళ్ళింది పీరయ్యే.

ఆ రోజు నుంచి అతను గుర్రాలకు తప్ప ఇంక దేనికీ ఊఁ అనలేదు. ఆకలా అంటే ఆకలే అనేవాడు. వస్తావా అంటే వస్తా అనేవాడు. భార్య కాశమ్మ ఇరుగమ్మలతో నవ్వుతూ చెప్పేది, మీ మొగుళ్ళు ఊఁ అంటూ వినరు, మా ఆయన ఊఁ అనకుండా వింటాడు అని.

కొన్నేళ్ళు గడిచాయి. గవ్వలకోట దొర పక్క సంస్థానం దొరతో పందెం కట్టాడు. ఓడినవాడు నలుగురి ముందూ మీసం తీయించుకోవాలి. మన దొరకు జాబిల్లి అనే తెల్లగుర్రం ఉంది, గాలికి కూడా దొరకదు. పందెం వారం ఉందనగా దాని ఎడమ ముంగాలు నరం పట్టేసింది. లాయం వాళ్ళు ఉమ్మెత్తాకు నూరి పట్టు వేశారు. నొప్పి తెలియక అది మామూలుగానే నడిచింది. దానిమీద ఎక్కాల్సినవాడు ఓబులేసు, చనిపోయిన సుంకన్నకు స్వయానా తమ్ముడు. దొర ఉప్పు తింటున్నవాడు, ఎక్కనని ఎలా అంటాడు?

పందెం రోజు పీరయ్య జాబిల్లి నోరు వాసన చూశాడు. గిట్ట తట్టాడు. నరం నొక్కాడు. నరం వెచ్చగా తగిలింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉమ్మెత్త వాసన కొట్టింది. నడుమెత్తి నిలబడ్డాడు.

"దొరా, దీన్ని కట్టేయండి. ఇది మూడో మలుపు దాటదు. పైనున్నవాడూ దాటడు."

నిన్ను గుర్రం జాతకం అడగలేదు, ఊఁ అను చాలు అన్నాడు దొర.

"అనను దొరా."

ఇంకొకణ్ణి పిలిచి అనిపిద్దామంటే కుదరదు, మొదట చెయ్యి వేసినవాడే అనాలి. గుర్రాన్ని మారుద్దామంటే పక్క దొర ఒప్పుకోడు. జనం బయలు చుట్టూ కూర్చుండిపోయారు. తాడు లాగిపట్టినట్టే ఉంది.

మొదటి రోజు దివాను వచ్చాడు, మెత్తటి మనిషి. మాగాణి కావాలా పీరయ్యా అన్నాడు. వద్దు అన్నాడు పీరయ్య. జోడెద్దులు కావాలా? వద్దు. పట్టుపాగా కావాలా? వద్దు. ఒక్కదానికైనా పొరపాటున ఊఁ అంటాడని దివాను ఆశ. పొద్దు వాలేదాకా అడిగి, తన నోరే ఎండిపోయి వెళ్ళిపోయాడు.

రెండో రోజు కొరడా వచ్చింది. దెబ్బలు తిన్నవాడు మూలుగుతాడు, మూలిగితే అదీ ఊఁ కిందే లెక్క అని దివాను ఎత్తు. పీరయ్యను ఆ చెక్కిన బండకే కట్టేశారు. మొదటి దెబ్బ పడింది. జనంలోంచి కాశమ్మ లేచి నిలబడింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగానే గట్టిగా కేకేసింది.

"నోరు తెరిచి అరవయ్యా. పెదాలు మూయొద్దు."

పీరయ్య నోరంతా తెరిచి "అబ్బా" అని అరిచాడు. ఎన్ని దెబ్బలు పడితే అన్ని అబ్బాలు. చివరికి కొట్టేవాడి చెయ్యి పడిపోయింది. పీరయ్య కట్లు మాత్రం విప్పలేదు, గుక్కెడు నీళ్ళూ పోయనివ్వలేదు.

మూడో రోజు దొర ఒక కథలవాణ్ణి పంపాడు. ఆ కథలవాడు మా వంశంవాడే. సిగ్గుచేటు సంగతి, అయినా దాచను. కథ వింటూ ఊ కొట్టనివాడు తెలుగుదేశంలో పుట్టలేదని వాడి ధీమా. బండ ముందు కూర్చుని ఏడు సముద్రాల అవతలి రాజకూతురి కథ ఎత్తుకున్నాడు. తియ్యగా చెప్పాడు. రాకుమారుడు తలుపు తోసిన చోట ఆపి చూశాడు. పీరయ్య ఎండిన నాలుకతో "తర్వాత?" అన్నాడు. పాము పడగెత్తిన చోట ఆపాడు. "తర్వాత?" అన్నాడు. రాజకూతురు కళ్ళు తెరిచిన చోట ఆపి చాలాసేపు చూశాడు. "తర్వాత?" అన్నాడు పీరయ్య. కథలవాడు లేచి చిడతలు దొర కాళ్ళ దగ్గర పడేసి, ఈ మనిషికి ఇంక నావల్ల కాదు అని పోయి జనంలో కూర్చున్నాడు. ఆ ఒక్క పనితో మా వంశం పరువు కొంత నిలిచింది.

అప్పుడు దొరే దిగి వచ్చాడు. చావు దగ్గరికొచ్చింది కదరా, ఇంకా ఎవరికోసం ఈ పంతం అనడిగాడు.

"నోరుజారి ఒకణ్ణి చంపాను. తెలిసి ఇంకొకణ్ణి చంపను."

అదే ఆఖరి మాట. పెదాలు కలిస్తే ఎక్కడ ఊఁ అవుతుందోనని నోరు తెరుచుకునే ప్రాణం వదిలాడు. కాశమ్మ వచ్చి అతని కళ్ళు మూసింది. నోరు మూయలేదు.

దొర ఓబులేసును జాబిల్లి మీద ఎక్కించి, తాడు దగ్గరికి వెళ్ళి, వాడు పోతూ పోతూ ఊఁ అన్నాడు, వదలండి అన్నాడు.

"నాకు ఇనపడలేదు దొరా," అన్నాడు ఈ కొసవాడు.

"నాకూ ఇనపడలేదు దొరా," అన్నాడు ఆ కొసవాడు.

దొర ఓబులేసు వైపు చూశాడు. ఓబులేసు జాబిల్లి మీంచి దిగి, కళ్ళెం దొర చేతిలో పెట్టాడు.

"మా అన్నప్పుడు ఇనపడింది దొరా. ఇప్పుడు ఇనపడలేదు."

జనమంతా లేచి, మాకూ ఇనపడలేదు అన్నారు. ఉమ్మెత్త మత్తు ఎప్పుడో దిగిపోయింది. జాబిల్లి ఎడమకాలు నేల ఆనించలేక పైకెత్తుకుని నిలబడి ఉంది. దొర ఒక్కడే కళ్ళెం పట్టుకుని దాన్ని మెల్లగా నడిపించుకుంటూ కోటకు పోయాడు. మీసం సంగతి ఏమైందని నన్నడక్కండి, ఆ ఏడాదంతా ఆయన మొహానికి కండువా కప్పుకునే తిరిగాడట.

తాడు పట్టినవాళ్ళు కొసలు రెండు గుంజలకు కట్టి ఇళ్ళకు పోయారు. ఊఁ అనాల్సినవాడు లేడు, కాబట్టి వదిలేవాడూ లేడు. వానకు తడిసి, ఎండకు ఎండి, ఆ తాడు తనంతట తానే తెగిపడింది. ఆ బయలులో మళ్ళీ పందెం జరగలేదు. ఇప్పుడక్కడ కొర్ర పండిస్తున్నారు.

ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎవరైనా పెద్దమనిషి కూర్చోబెట్టి తప్పుడు సంగతికి తలూపమంటే, "పీరయ్య ఊఁ అన్నాక రా" అని పంపేస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆడపిల్లకు తల్లి కూడా ఇదే మాట చెప్పి పంపుతుంది. ఇక కథలంటారా, ఏ కథకైనా అక్కడి జనం బాగా ఊ కొడతారు. ఈ కథకు మాత్రం కొట్టరు. ఎక్కడ ఆపినా, ఎంతసేపు ఆపినా, ముసలివాళ్ళ నుంచి చంకలో పిల్లల దాకా నా మొహంలోకే చూస్తూ, నోరు తెరిచి, "తర్వాత?" అంటారు.