సోకులయ్య పొయ్యెక్కని లడ్డు

అనగనగా, పిల్లలూ, ఒక అడవిలో ఒక కొండముచ్చు మిఠాయి కొట్టు తెరిచాడు. పెట్టుబడి నాలుగు గంపల ఈతపళ్లు, రెండు గంపల నువ్వులు, ఒక రోలు. పేరు సోకులయ్య. సరుకు ఆరు గంపలే. గొప్పలు మాత్రం అరవై గంపలు.

అప్పటిదాకా ఆ అడవిలో మిఠాయి అంటే కోవానే. ఆ పాలన్నీ ముర్రమ్మ అనే గేదెవి. అందరూ వంతులేసుకుని పిండుకుపోతే, ఆమె దూడ బుజ్జోడికి చివరి చుక్కలే మిగిలేవి. వాడి పక్కటెముకలు దూరం నుంచే కనిపించేవి.

"పాలు వద్దు, నెయ్యి వద్దు, తేనె వద్దు. పొయ్యి కూడా వద్దు!" అని చాటాడు సోకులయ్య. "దంచడం, ఉండ చుట్టడం, అంతే. నా లడ్డు ఒంటికి బలం. ఎవరి పొట్టా కొట్టిన పాపం లేదు!"

ఆ మాట విని ముర్రమ్మ పరుగున వచ్చింది.

"నిజంగానా తమ్ముడూ? అయితే నీ ఈతపళ్లు నేను మోసుకొస్తాను. కూలి కూడా వద్దు. నా బిడ్డ పాలు నా బిడ్డకు మిగిలితే చాలు" అంది.

మొదటి రోజు సోకులయ్య రోలు ముందు కూర్చున్నాడు. నువ్వులు నూనె వదిలేదాకా దంచాలి. అప్పుడే ఈతపళ్ల గుజ్జుతో కలిసి ఉండ గట్టిపడుతుంది. పెద్ద విద్యేమీ కాదు. చేతులు నొప్పి పుడతాయి, అంతే. మన దొరగారు పది పోట్లు వేసి, తోక దులుపుకుని, చెట్టెక్కి కూర్చున్నారు.

లడ్డు పట్టుకోగానే పొడి పొడి అయిపోయింది.

"ఏం సోకులయ్యా, లడ్డు అమ్ముతున్నావా, ముక్కుపొడుమా?" అంది తొండ.

రెండో రోజు పదిహేను పోట్లు.

"అల్లుడూ, దీన్ని నమలాలా, ఊదాలా?" అంది ఎలుగుబంటి. కొట్టు ముందున్నవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వారు.

మూడో రోజు సోకులయ్య రోకలి ముట్టుకోనే లేదు. లెక్క వేశాడు. "గిన్నెడు పాలు కలిపితే ఉండ చక్కగా కడుతుంది. గిన్నెడే కదా! ఎవరికి తెలుస్తుంది?" ఆ గిన్నెడూ పోతే బుజ్జోడికి ఎంత మిగులుతుందో ఆ మేధావి లెక్కలోకి రాలేదు.

ఈతపళ్లు మోసి అలసిపోయి ముర్రమ్మ కునుకు తీస్తోంది. వాడు వెళ్లి పాలు పిండుకున్నాడు. బుజ్జోడే తాగుతున్నాడనుకుని ఆమె కదలనైనా లేదు.

లడ్డూలు గుండ్రంగా, మెత్తగా వచ్చాయి. "ఇదీ పనితనమంటే!" అని తనకు తానే చప్పట్లు కొట్టుకున్నాడు సోకులయ్య. ఒక్కటి మిగలకుండా అన్నీ చెల్లిపోయాయి. సాయంత్రం తిందామని అందరూ దాచుకున్నారు.

పొయ్యి ఎక్కని పాలు ఎండకు విరిగిపోతాయని మన మిఠాయి పండితుడికి తెలియదు. సాయంత్రానికి లడ్డూలన్నీ పులిసి కంపు కొట్టాయి. తొందరపడి మింగిన ఎలుగుబంటి పొదల వెంట ఒకటే పరుగు. తొండ తన లడ్డును విసిరి కొట్టింది. అది వచ్చి ముర్రమ్మ కాళ్ల దగ్గర పడింది. ముర్రమ్మ వాసన చూసింది. తన పాల వాసన తల్లికి తెలియదా?

"పొద్దున్నుంచీ నా బిడ్డ ఆకలికి అరుస్తూనే ఉన్నాడు. నా పాలకేం రోగం వచ్చిందో అని భయపడ్డానురా!" అంది.

"అక్కా, గిన్నెడే..."

"గిన్నెడేనా! అడిగి పిండుకుపోయినవాళ్లే నీకన్నా నయం. నువ్వు పాలు వద్దని చాటావు, నాతో చాకిరీ చేయించుకున్నావు, నేను నిద్రపోతే దొంగిలించావు. ఇక నీ సరుకు ఒక్క పండు కూడా నా వీపెక్కదు."

ఆమె బుజ్జోణ్ణి తీసుకుని వెళ్లిపోయింది.

తొండ తలాడిస్తూ, "ఒంటికి బలమన్నావు కదా! ఎలుగు మామ ఎంత బలంగా పరుగెత్తుతున్నాడో చూడు!" అంది.

కొట్టులో ఒక్క ఈతపండు లేదు. ఈతచెట్లేమో రెండు గుట్టల అవతల. బతిమాలితే మోసేవాళ్లు ఎవరూ మిగల్లేదు. సోకులయ్య చాలాసేపు అటూ ఇటూ చూశాడు. చివరికి ఖాళీ గంప తన వీపుకే కట్టుకుని, మొదటి గుట్ట వైపు కాలు ఎత్తాడు.

నీతి: మంచి పని చేస్తానని చాటినవాడు దానికి ఒళ్లు వంచాలి. ఒళ్లు వంగనివాడు చివరికి తనను నమ్మినవాళ్లనే దోచుకుంటాడు.